స్పెసిఫికేషన్ పుస్తకం ఆఫీసు అల్మారాలోనే ఎందుకుండాలి?

గల్ఫ్‌లో బిల్డింగు పనుల మీద ఉన్న మన తెలుగు సూపర్‌వైజర్లను, ఫోర్‌మన్లను ఎవరిని అడిగినా డ్రాయింగ్ బాగానే చదువుతామంటారు. అది నిజమే. కాలమ్ సైజు, స్లాబు మందం, రాడ్ల మధ్య దూరం చూడగానే చెప్పేస్తారు. అదే మనిషిని "ఈ పనికి స్పెసిఫికేషన్ ఏం చెప్తున్నది?" అని అడగండి. "అది ఆఫీసుల ఉంటది సార్, ఇంజనీర్ చూసుకుంటడు" అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

మన చదువూ మన అలవాటూ రెండూ మనల్ని డ్రాయింగ్ దగ్గరే ఆపేశాయి. కానీ చేసిన పని పాస్ అయ్యేదీ, ఫెయిల్ అయ్యేదీ డ్రాయింగ్ ఒక్కదాన్ని బట్టి కాదు. ఎక్కడ కట్టాలి, ఎంత సైజులో కట్టాలి అన్నది డ్రాయింగ్ చెప్తుంది. ఏ సరుకుతో కట్టాలి, ఎట్లా కట్టాలి, ఏ పరీక్షకు నిలబడాలి అన్నది స్పెసిఫికేషన్ చెప్తుంది. గల్ఫ్ కాంట్రాక్టుల్లో బాగా వాడే ఫిడిక్ నిబంధనల 1999 రెడ్ బుక్‌లో 1.5 క్లాజు చూడండి. కాగితాల మధ్య తేడా వస్తే దేని మాట ముందు చెల్లుతుందో అక్కడ వరస ఇచ్చారు. ఆ వరసలో స్పెసిఫికేషన్ ముందు, డ్రాయింగ్ తర్వాత. కాంట్రాక్టులో ప్రత్యేకంగా వేరే రాసుకుంటే తప్ప అదే లెక్క. అంటే మనకు బాగా తెలిసింది వెనక ఉన్న కాగితం. మన చేతికి రానిది ముందున్న కాగితం.

ఈ పరిస్థితి మారాలి. స్పెసిఫికేషన్ పుస్తకం ఏ వరసలో ఉంటుందో ప్రతి తెలుగు సూపర్‌వైజర్‌కూ, ప్రతి గ్యాంగు మేస్త్రికీ తెలియాలి. ఇది ఇంగ్లిష్ దంచేసేవాళ్లకే చేతనయ్యే పని అనుకోవద్దు. చాలావరకు ఇది కొన్ని అంకెలు గుర్తుపెట్టుకునే పని.

నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

2018లో షార్జాలో నేను కాంక్రీట్ పని చూస్తున్న ఒక సైటులో, పక్క బ్లాకులో ప్లాస్టరింగ్ నడుస్తోంది. సబ్ కాంట్రాక్టర్ గ్యాంగులో ఎక్కువమంది నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్లే. పనిమంతులు. వాళ్లకిచ్చిన ప్రింటులో ప్లాస్టర్ 15 మిల్లీమీటర్లు అని ఉంది. అంతే మందంతో, గీత గీసినట్టు రెండు అంతస్తులు పూర్తి చేశారు. నెల తిరక్కుండా కాలమ్ పక్కన నిలువునా సన్నటి పగుళ్లు కనబడ్డాయి. కన్సల్టెంట్ ఇన్‌స్పెక్టర్ వచ్చి కొంత ప్లాస్టర్ కొట్టించి చూశాడు. బ్లాక్ గోడ, కాంక్రీట్ కాలమ్ కలిసే చోట జాలీ లేదు. బ్లాకు ఒక రకంగా, కాంక్రీటు ఇంకో రకంగా సాగి కుంచించుకుపోతాయి కాబట్టి అక్కడ జాలీ కొట్టి ప్లాస్టర్ చేయాలి. ఇటూ అటూ 150 మిల్లీమీటర్ల చొప్పున జాలీ ఉండాలని స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. డ్రాయింగ్‌లో మాత్రం లేదు.

ఎన్‌సీఆర్ వచ్చింది. ఆ కాలమ్‌ల వెంట ప్లాస్టర్ అంతా కొట్టేసి మళ్లీ చేయమన్నారు. సబ్ కాంట్రాక్టర్ ఆ రోజుల ఓవర్‌టైమ్ లెక్కలో రాయలేదు. "మీ తప్పు పనికి నేనెందుకు డబ్బులియ్యాలె?" అన్నాడు. గల్ఫ్‌కు వచ్చినవాళ్లకు ఈ మాట బరువెంతో తెలుసు. బేసిక్ జీతం తిండికి, ఇంటి ఖర్చుకు సరిపోతుంది. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు తీరేది ఓవర్‌టైమ్‌తోనే. రెండు వారాల ఓవర్‌టైమ్ పోతే ఊళ్లో మిత్తి మీద మిత్తి పడుతుంది.

ఆ గ్యాంగు చేతికి డ్రాయింగ్ ప్రింటు తప్ప ఇంకో కాగితం ఎవరూ ఇవ్వలేదు. జాలీ సంగతి రాసున్న పేజీ సైటు ఆఫీసు అల్మారాలో భద్రంగా ఉంది. మనిషి నడిస్తే రెండు నిమిషాల దూరం. ఆ పేజీ ఉందని తెలిసి, దాని నంబరు చెప్పి అడిగిన మనిషి ఒక్కడుంటే ఆ గోడలు రెండోసారి కొట్టాల్సిన పని లేకపోయేది.

పిన్ కోడ్ లాంటి లెక్క

పెద్ద ప్రాజెక్టు స్పెసిఫికేషన్ అంటే రెండు మూడు వేల పేజీలు ఉండొచ్చు. ఆ బొత్తులు చూసే మనవాళ్లు భయపడతారు. కానీ ఆ పేజీలు ఇష్టమొచ్చినట్టు పేర్చినవి కావు. వాటికొక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పెట్టిందే అంతా చదవాల్సిన అవసరం రాకూడదని.

అమెరికాలో కన్‌స్ట్రక్షన్ స్పెసిఫికేషన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1948లో మొదలైంది. యుద్ధం తర్వాత కట్టడాలు పెరిగాయి. ఒక్కో ఆర్కిటెక్టు ఒక్కో వరసలో రాస్తుంటే కాంట్రాక్టర్లకు ఏది ఎక్కడుందో తెలిసేది కాదు. అందుకని 1963లో ఆ సంస్థ మొత్తం పనిని 16 డివిజన్లుగా విడగొట్టింది. 1978 నుంచి దాన్ని మాస్టర్‌ఫార్మాట్ అంటున్నారు. 2004లో దాన్ని 50 డివిజన్లకు పెంచారు. కొన్నింటిని ముందు ముందు అవసరానికి ఖాళీగా ఉంచారు. కెనడావాళ్లు కూడా ఇదే వాడతారు. అమెరికన్ కన్సల్టెంట్లతో పాటు గల్ఫ్‌కు కూడా వచ్చింది.

దీన్ని మన పిన్ కోడ్‌తో పోల్చుకోవచ్చు. 1972లో వచ్చిన పిన్ కోడ్‌లో ఆరంకెలుంటాయి. 505 అని చూడగానే పోస్టాఫీసువాళ్లకు కరీంనగర్ వైపు అని తెలిసిపోతుంది. మిగతా అంకెలు ఏ పోస్టాఫీసో చెప్తాయి. చిరునామా తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా ఉత్తరం చేరుతుంది. మాస్టర్‌ఫార్మాట్‌లో కూడా ఆరంకెలే, రెండేసి చొప్పున మూడు జతలు. మొదటి జత డివిజన్.

03 అంటే కాంక్రీట్. అందులో 03 10 షట్టరింగ్, 03 20 స్టీలు, 03 30 కాంక్రీట్ పోయడం. సైటులో పని నడిచే వరసే కదా! 04 బ్లాకు, ఇటుక, రాయి పని. 05 లోహాల పని, 06 చెక్క పని. 07 వాటర్‌ప్రూఫింగ్, ఇన్సులేషన్. 08 తలుపులు, కిటికీలు. 09 ఫినిషింగ్. అందులో 09 24 సిమెంట్ ప్లాస్టర్, 09 30 టైల్స్, 09 90 పెయింట్. 14 లిఫ్టులు. 21 ఫైర్ ఫైటింగ్, 22 ప్లంబింగ్, 23 ఏసీ, 26 కరెంటు. 31 మట్టి పని, 32 రోడ్లు, పేవింగ్, 33 బయటి పైపులైన్లు. వీటన్నిటికీ ముందుండే 01 చాలా ముఖ్యం. శాంపిళ్లు ఎట్లా పంపాలి, ఇన్‌స్పెక్షన్ ఎట్లా పిలవాలి, పని ఎట్లా అప్పగించాలి అన్నవి అందులో ఉంటాయి.

ఏసీ, ప్లంబింగ్ రెండింటినీ పాతకాపులు ఇప్పటికీ "డివిజన్ 15" అనే అంటారు. కరెంటును "16" అంటారు. అది 2004కు ముందటి లెక్క. కొత్త లెక్కలో ఆ 15, 16 స్థానాలను ఖాళీగా వదిలేశారు. ఎవరైనా పెద్దాయన ఆ నంబర్లు చెప్తే కంగారు పడకుండా 21, 22, 23, 26 తిరగేస్తే సరిపోతుంది.

ఒక సైటులో ఈజిప్టు ఇంజనీరు, మలయాళీ డాక్యుమెంట్ కంట్రోలర్, ఫిలిప్పీన్స్ డ్రాఫ్ట్స్‌మన్, పెషావర్ షట్టరింగ్ కార్పెంటర్, మన తాపీ మేస్త్రి ఉంటారు. అందరి ఇంగ్లిషూ వేరే. అందరికీ ఒకేలా వినబడేది అంకె ఒక్కటే. "సర్, 09 24 పార్ట్ 3 కాపీ కావాలి" అన్న ఒక్క ముక్క చెప్పగలిగితే చాలు. ఆ కాగితం మీ చేతికొస్తుంది. అడిగిన మనిషి మీద గౌరవమూ పెరుగుతుంది.

ప్రతి సెక్షన్‌లో మూడే భాగాలు

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఏ సెక్షన్ తెరిచినా లోపల మూడు భాగాలుంటాయి. పార్ట్ 1 జనరల్. ఏ కాగితాలు, శాంపిళ్లు, మాకప్‌లు ముందు ఆమోదం పొందాలి, సరుకు ఎట్లా నిల్వ చేయాలి, వారంటీ ఎంత అన్నవి ఇందులో. పార్ట్ 2 ప్రోడక్ట్స్. ఏ సరుకు, ఏ ప్రమాణం, ఏ మిక్స్ అన్నవి ఇందులో. పార్ట్ 3 ఎగ్జిక్యూషన్. పని మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి, ఎట్లా చేయాలి, ఎంత తేడా ఒప్పుకుంటారు, చేశాక ఎట్లా కాపాడాలి అన్నవి ఇందులో.

పార్ట్ 1 కొనుగోలు, ఆఫీసు మనుషులది. పార్ట్ 2 స్టోరుది. పార్ట్ 3 అచ్చంగా మనది. ఒక్కో సెక్షన్‌లో పార్ట్ 3 చాలాసార్లు నాలుగైదు పేజీలకు మించదు. మూడు వేల పేజీల బొత్తి చివరికి నాలుగు పేజీల దగ్గరికి వస్తుంది. అట్లా అని పార్ట్ 1ను పూర్తిగా వదిలేయడానికి లేదు. నాకు తెలిసిన ఒక తెలుగు ఫోర్‌మన్ టైల్స్ పని మొదలుపెట్టే ముందు పార్ట్ 1 చూసి, "మాకప్ మీద సంతకం కాలేదు, అయ్యాకే మొదలుపెడతాం" అని పట్టుబట్టాడు. ఇంజనీరు విసుక్కున్నాడు, అయినా సంతకం పెట్టించాడు. మూడు నెలల తర్వాత క్లయింటు తరఫు మనిషి వచ్చి జాయింట్ల రంగు బాగాలేదన్నాడు. సంతకమైన మాకప్ పక్కనే ఉంది. రంగు అదే. ఒక్క టైలు కూడా పీకలేదు. గ్యాంగు ఓవర్‌టైమ్ గ్యాంగుకే దక్కింది.

"ఒక్కో దేశానికి ఒక్కో పుస్తకం కదా!"

ఈ మాట చెప్తే నలుగురు నాలుగు అభ్యంతరాలు చెప్తారు. మొదటిది, అన్నిచోట్లా మాస్టర్‌ఫార్మాట్ ఉండదు కదా అని. నిజమే. ఖతర్‌కు సొంతంగా ఖతర్ కన్‌స్ట్రక్షన్ స్పెసిఫికేషన్స్ ఉన్నాయి. 2014 కూర్పులో కాంక్రీట్ 5వ సెక్షన్. బ్రిటిష్ కన్సల్టెంట్లు రాసిన ప్రాజెక్టుల్లో అక్షరం, అంకె కలిపి ఉంటాయి. 1987లో వచ్చిన కామన్ అరేంజ్‌మెంట్ లెక్కలో ఇ10 కాంక్రీట్, ఎఫ్10 బ్లాకు గోడ, ఎం20 ప్లాస్టర్, ఎం40 టైల్స్, ఎం60 పెయింట్. ఇంగ్లండులో తర్వాత యూనిక్లాస్ అనే ఇంకో పద్ధతి వచ్చింది.

కానీ ఒక పద్ధతి వచ్చినవాడికి రెండోది పట్టుకోవడం కష్టం కాదు. హైదరాబాద్‌లో బస్సు నంబరు చూసి ఎక్కడం వచ్చినవాడు దుబాయిలో కూడా నంబరు చూసే ఎక్కుతాడు. నంబర్లు మారాయి కానీ అలవాటు మారలేదు. ప్రాజెక్టులో చేరిన మొదటి రోజు విషయసూచిక ఒక్కటి అడిగి తీసుకుంటే ఆ ఊరి బస్సు నంబర్లు మీ చేతికొచ్చినట్టే.

రెండో అభ్యంతరం, ఈ పుస్తకాలే సరిగ్గా ఉండవు, పాత ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టి పెడతారని. అదీ నిజమే. ఎండ 45 డిగ్రీలు కాసే చోట, చలికి గడ్డకట్టే వాతావరణంలో కాంక్రీట్ ఎట్లా పోయాలో రాసిన పేరాలు ఎన్నోసార్లు కనబడతాయి. కానీ ఆ తప్పు దొరికేది కూడా చదివినవాడికే. తప్పుంటే పని మొదలుకాకముందే రాతపూర్వకంగా అడగాలి. పని అయ్యాక అడిగితే ఎవరూ వినరు.

మూడోది, ఇది ఇంజనీర్ల పని, మనకెందుకని. ఎన్‌సీఆర్ వచ్చినప్పుడు మెమో ముందు ఎవరి పేరు మీద వస్తుందో గుర్తు తెచ్చుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇన్‌స్పెక్షన్ రిక్వెస్ట్ ఫారాల్లో చాలావాటిలో స్పెసిఫికేషన్ నంబరుకు ఒక గడి ఉంటుంది. మనం దాన్ని ఖాళీగా వదిలేస్తే ఆఫీసులో ఎవరో నింపుతారు. ఏం నింపారో మనం చూడం. కింద సంతకం మాత్రం మనదే ఉంటుంది.

నాలుగోది అన్నిటికన్నా గట్టిది. స్పెసిఫికేషన్ తెలిసినంత మాత్రాన జీతం ఎగ్గొట్టే కంపెనీ మారుతుందా అని అడుగుతారు. మారదు. పాస్‌పోర్టు దాచుకునేవాడు దాచుకుంటూనే ఉంటాడు. ఆ పోరాటం వేరే. కానీ "పని బాగాలేదు" అన్న సాకుతో మన కష్టాన్ని కోసేవాడి చేతిలో నుంచి ఆ ఒక్క సాకునైనా లాక్కోవచ్చు. అది తక్కువేం కాదు.

మన దగ్గర లేనిదేం కాదు

ఇదంతా పరాయి దేశపు వింత అనుకోవద్దు. మన సీపీడబ్ల్యూడీ స్పెసిఫికేషన్లు 2009లో, తర్వాత 2019లో రెండు సంపుటాలుగా వచ్చాయి. అవీ సబ్‌హెడ్‌ల వరసలోనే ఉంటాయి. 2 మట్టి పని, 4 కాంక్రీట్, 5 ఆర్‌సీసీ, 11 ఫ్లోరింగ్, 13 ఫినిషింగ్. రేట్ల పుస్తకం కూడా అదే వరస. కొలతలకు ఐఎస్ 1200 ఉంది. మద్రాసు రాష్ట్రం నాటి స్టాండర్డ్ స్పెసిఫికేషన్ల వారసత్వంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఏపీఎస్‌ఎస్ ఉండేది. పీడబ్ల్యూడీ టెండర్లు చూసినవాళ్లందరికీ ఆ పేరు తెలుసు.

మరి డిప్లొమాలో మనం ఏం చదివాం? ఎస్టిమేషన్ పేపర్లో "మొదటి తరగతి ఇటుక పనికి డీటెయిల్డ్ స్పెసిఫికేషన్ రాయండి" అనే ప్రశ్న. గైడులో ఉన్న ఒక పేజీ బట్టీ పట్టి రాస్తే మార్కులు. అసలు స్పెసిఫికేషన్ పుస్తకం ఎట్లా ఉంటుందో, అందులో ఇటుక పని ఎక్కడ వెతకాలో ఎవరూ చూపించరు. ఈత గురించి వ్యాసం రాయించి బావి చూపించనట్టు.

దాని ఫలితం సైటు మీద కనబడుతుంది. ఐఎస్ 456:2000 ప్రకారం మామూలు సిమెంట్ కాంక్రీటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి, ఎండ, పొడి గాలి ఉన్నచోట 10 రోజులకు తక్కువ కాకూడదు. ఫ్లైయాష్ లాంటివి కలిసిన సిమెంట్ అయితే ఇంకా ఎక్కువ. మనవాళ్ల నోట్లో మాత్రం "ఏడు రోజులు" ఒక్కటే ఉండిపోయింది. అది ఎక్కడ రాసుందో చూడకుండా మేస్త్రి నుంచి మేస్త్రికి నోటిమాటగా వచ్చింది కాబట్టి మిగతా సగం ఎక్కడో రాలిపోయింది.

ఇప్పుడు ఏం చేయాలి?

రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యామండళ్లకు నా విన్నపం. సివిల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఒక్క వారం దీనికి కేటాయించండి. సీపీడబ్ల్యూడీ సబ్‌హెడ్‌లు, మాస్టర్‌ఫార్మాట్ డివిజన్లు పక్కపక్కన పెట్టి చూపించండి. పరీక్షలో వ్యాసం బదులు పుస్తకం చేతికిచ్చి, "వాటర్‌ప్రూఫింగ్ టెస్టుకు ఎన్ని గంటలు నీళ్లు నిలపాలో వెతికి చెప్పు" అని అడగండి. దీనికి కొత్త ల్యాబు అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు.

హైదరాబాద్‌లో 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. తెలంగాణకు విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ ఉంది. తాపీ, షట్టరింగ్, రాడ్ బెండింగ్ నేర్చుకుని గల్ఫ్‌కు వచ్చే పిల్లలకు వాళ్ల వాళ్ల పనికి సంబంధించిన నంబరూ, పార్ట్ 3 అన్న మాటా చెప్పి పంపితే చాలు. విమానం ఎక్కే ముందు చెప్పే మాటల్లో వీసా, బ్యాంకు, ఎంబసీ నంబర్లతో పాటు ఇదీ ఒకటి కావాలి.

కాంట్రాక్టు కంపెనీలకు ఒక్క మాట. డ్రాయింగ్ ప్రింటు ఇచ్చేటప్పుడు దాని వెనకే ఆ పనికి సంబంధించిన పార్ట్ 3 నాలుగు పేజీలు పిన్ను కొట్టి ఇవ్వండి. కాగితం ఖర్చు ఎంత, గోడ కొట్టి మళ్లీ కట్టే ఖర్చు ఎంత?

ఇక మన సూపర్‌వైజర్లకు. ఎవరో వచ్చి నేర్పేదాకా ఆగక్కర్లేదు. మీరు చూస్తున్న పని సెక్షన్ ఒక్కటి ఈ వారం అడిగి తీసుకోండి. అందులో పది ముఖ్యమైన సంగతులు తెలుగులో ఒక పేజీ మీద రాయండి. పొద్దున పని మొదలయ్యే ముందు టూల్‌బాక్స్ మీటింగులో సేఫ్టీ మాటలతో పాటు అవీ చదివి వినిపించండి. ఇంగ్లిష్ రాని తాపీ మేస్త్రికి కూడా జాలీ ఎంత వెడల్పు కొట్టాలో తెలుగులో చెప్తే ఒక్కసారికే ఎక్కుతుంది. అతనికి పని ఎప్పుడో వచ్చు. ఈ ప్రాజెక్టు తన నుంచి ఏం అడుగుతున్నదో ఒక్కటే అతనికి చెప్పేవాళ్లు లేరు. ఆ చెప్పే పని మనది.

– సివిల్ సూపర్‌వైజర్, షార్జా